ఉపవాస దినాల్లో చర్మానికి ఏది రాయాలి: నూనె, జెల్, క్రీమ్, పెట్రోలియం జెల్లీల పోలిక

ఉపవాసాలు మొదలైన రెండో రోజుకో మూడో రోజుకో పెదవులు ఎండిపోతాయి, ముఖం కడుక్కున్న కాసేపటికి చెంపలు బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది, ముక్కు పక్కలా కనుబొమల మధ్యా సన్నటి పొట్టు లేస్తుంది. ఒంట్లో నీళ్లు తగ్గడం వల్లే ఇదంతా అనుకుని చాలామంది రెండు పనులు చేస్తారు: ఉపవాసం విడిచిన వెంటనే గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగుతారు, ఇంట్లో ఉన్న సీసాలన్నీ ముఖానికి పూస్తారు. మొదటి దానితో పొట్ట ఉబ్బుతుంది, రెండో దానితో మొటిమలు వస్తాయి; పొడితనం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. దొరికే వాటిలో ఏది ఎవరికి, ఏ రకం ఉపవాసంలో పనికొస్తుందో తేల్చుకోలేకపోతున్నవారి కోసం ఈ పోలిక. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఎక్కువమందికి సువాసన లేని ఒక మంచి క్రీమూ, పెదవులకూ మడమలకూ కొద్దిగా పెట్రోలియం జెల్లీ సరిపోతాయి. మిగిలినవాటికీ చోటు ఉంది గానీ, ప్రకటనలు చూపించినంత పెద్ద చోటు కాదు.

పొడితనం ఎక్కడి నుంచి వస్తుంది

ముఖం మీద చర్మపు పై పొర మందం తల వెంట్రుక మందం కన్నా తక్కువ. ఆ పొరలోని కణాలు మృతకణాలే అయినా వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు ఇటుకల మధ్య సున్నంలా పట్టి ఉంచుతాయి. లోపలి నుంచి నీరు ఎప్పుడూ పైకి వస్తూ, ఈ పొర గుండా కొంచెం కొంచెంగా ఆవిరై పోతూనే ఉంటుంది. ఆ కొవ్వు పదార్థాలు సరిగ్గా ఉన్నంత కాలం పొరలో తేమ నిలుస్తుంది. అవి కరిగిపోయినప్పుడు నీరు వచ్చినంత వేగంగా బయటికి పోతుంది.

ఆరోగ్యంగా ఉన్నవారు పన్నెండు, పదహారు గంటలు నీళ్లు తాగకపోతే శరీరం ముందుగా మూత్రాన్ని చిక్కబరచి నీటిని పొదుపు చేసుకుంటుంది. ఆ కాసిన్ని గంటల్లో చర్మం మీద కనిపించే పొడితనంలో ఎక్కువ భాగం వేరే కారణాల వల్ల వస్తుంది: పదేపదే సబ్బుతో కడగడం, ఏసీ గది, ఎండ, నోటితో గాలి పీల్చడం, ఎండిన పెదవులను నాలుకతో తడుపుకోవడం, తెల్లవారుజామునే లేవడం వల్ల నిద్ర చాలకపోవడం. నిద్ర కరువైనప్పుడు దెబ్బతిన్న చర్మపు పొర కోలుకోవడం కూడా ఆలస్యమవుతుంది. కాబట్టి తాగే నీటితో పాటు, అంతకంటే శ్రద్ధగా, ఉన్న తేమను బయటికి పోనివ్వని ఏర్పాటు చూసుకోవాలి.

ఒంట్లో నీరు నిజంగా తగ్గిపోయినప్పుడు కనిపించే గుర్తులు వేరు. లేచి నిలబడితే కళ్లు తిరగడం, మూత్రం బాగా ముదురు రంగులో రావడం లేదా చాలాసేపు రాకపోవడం, గుండె వేగంగా కొట్టుకోవడం, మాట తడబడటం వంటివి కనిపిస్తే అది క్రీములతో తీరే విషయం కాదు. ఆ స్థితిలో ఉపవాసం విడవడానికి దాదాపు అన్ని మతాలూ అనుమతిస్తాయి.

ముందుగా నియమం, తరువాత చర్మం

సౌందర్య సలహాలన్నీ చర్మం రకంతో మొదలవుతాయి. ఉపవాసం విషయంలో ఆ క్రమం మార్చుకోవాలి. మీరు పాటించే నియమం ఒంటికి ఏదైనా రాసుకోనిస్తుందా, ఎన్ని గంటలు, ఎన్ని రోజులు అన్నవి తేలాకే జిడ్డు చర్మమా పొడి చర్మమా అన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది.

రంజాన్ ఉపవాసాల్లో తెల్లవారుజాము నుంచి సూర్యాస్తమయం దాకా అన్నపానాలు ఉండవు. ఇది 29 లేదా 30 రోజులు సాగుతుంది. చర్మం ద్వారా ఇంకే నూనెలు, లేపనాలు, మందు పట్టీలు రోజాను, అంటే రంజాన్ ఉపవాసాన్ని, భంగపరచవని 1997లో జెడ్డాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ (ధర్మశాస్త్ర) అకాడమీ పదో సమావేశం తీర్మానించింది. కాబట్టి పగటిపూట క్రీమ్ రాసుకోవడానికి అడ్డు లేదు. పెదవులకు రాసేది మాత్రం రుచీ వాసనా లేనిదై ఉండాలి, నోట్లోకి పోకుండా పలుచగా రాసుకోవాలి. ఇక్కడ చాలామంది గమనించని ఇబ్బంది ఒకటుంది: వజూ చేసేటప్పుడు, అంటే నమాజుకు ముందు ముఖమూ చేతులూ కాళ్లూ కడుక్కునేటప్పుడు, నీరు చర్మానికి తగలాలి. చర్మంలో ఇంకిపోయే క్రీమ్‌తో సమస్య లేదు గానీ, మందంగా పొర కట్టి నీటిని అడ్డుకునేదాన్ని ముందు తుడిచేయాలని పండితులు చెబుతారు. దట్టంగా పూసిన పెట్రోలియం జెల్లీని రోజుకు ఐదుసార్లు తుడిచి, మళ్లీ పూయడం కన్నా దాన్ని రాత్రి ఆఖరి నమాజు తర్వాతకు ఉంచుకోవడం మేలు.

ఏకాదశి, శివరాత్రి వంటి హిందూ ఉపవాసాలు సాధారణంగా ఒక పగలూ ఒక రాత్రీ ఉంటాయి. వాటిలో చర్మానికి కష్టమైనది జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి, అంటే నిర్జల ఏకాదశి. నడి వేసవిలో నీరు కూడా లేకుండా మరునాడు ఉపవాసం విడిచే పారణ దాకా ఉండాలి. ఏకభుక్తం (ఒంటిపూట భోజనం), నక్తం (రాత్రి మాత్రమే భోజనం), ఫలాహారం వంటి పద్ధతుల్లో నీటికి అడ్డు లేదు కనుక చర్మానికి పెద్దగా ఇబ్బంది రాదు. అయితే వ్రత దినాన తైలాభ్యంగనం కూడదన్న నియమం చాలా కుటుంబాల్లో ఉంది. ఒంటికి నూనె పట్టించి తలంటుకోవడాన్ని ఉద్దేశించిన మాట అది. పెదవి పగిలితే కాసింత లేపనం రాయడం దానికిందికి వస్తుందా అన్నది మీ ఇంటి ఆచారాన్ని బట్టి పెద్దలను అడిగి తేల్చుకోవలసిన విషయం.

జైనుల ఉపవాసంలో తివిహార్ పద్ధతిలో కాచిన నీటిని పగటిపూట మాత్రమే తాగుతారు, చౌవిహార్ పద్ధతిలో నీరు కూడా ఉండదు. పర్యూషణ్ శ్వేతాంబరులకు 8 రోజులు, దిగంబరుల దశలక్షణ పర్వం 10 రోజులు. వీరికి రాసుకోవచ్చా లేదా అన్నదానితో సమానంగా, రాసుకునేది దేనితో తయారైంది అన్నది ముఖ్యం. తేనెమైనం, గొర్రె ఉన్ని నుంచి వచ్చే లానోలిన్, తేనె, జంతువుల నుంచి తీసిన కొల్లాజెన్, పురుగుల నుంచి తీసే కార్మైన్ రంగు లిప్ బామ్‌లలో, క్రీములలో మామూలుగా ఉండేవే. గ్లిజరిన్ మొక్కల నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. లేబుల్ మీద స్పష్టంగా రాయని పక్షంలో పేరు చూసి చెప్పలేం. హలాల్ పాటించేవారికీ ఈ జాబితాలో కొంత భాగం వర్తిస్తుంది.

యూదుల యోమ్ కిప్పూర్ సుమారు 25 గంటల ఉపవాసం. అన్నపానాలతో పాటు ఒళ్లు కడుక్కోవడం, నూనెలూ లేపనాలూ రాసుకోవడం కూడా ఆ రోజు నిషిద్ధం. జబ్బుపడినవారికీ ఒంటి మీద పుండ్లు ఉన్నవారికీ మినహాయింపు ఉంది. బహాయీలకు మార్చిలో 19 రోజులు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉపవాసం ఉంటుంది. క్రైస్తవుల తపస్కాలంలో నియమం ఆహారానికి సంబంధించినదే కనుక, మామూలు రోజుల్లో వాడేది మార్చవలసిన పని సాధారణంగా ఉండదు.

నియమం తేలాక చూడవలసినవి మరో నాలుగు. మీ చర్మం స్వభావం ఏమిటి? వాతావరణం పొడిగా ఉందా, ఉక్కగా ఉందా? రోజుకు ఎన్నిసార్లు ముఖమూ చేతులూ తడుపుతారు? ఇప్పటికే మొటిమలకో మచ్చలకో ఏదైనా మందు వాడుతున్నారా? వీటిలో వాతావరణాన్ని తేలిగ్గా తీసుకోకండి. చాంద్రమానం ప్రకారం నడిచే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్లకు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. చలికాలపు రోజాల్లో మీకు బ్రహ్మాండంగా పనిచేసిన చిక్కటి క్రీమ్, అదే మనిషికి, వేసవి రోజాల్లో మొటిమలు తెప్పించవచ్చు.

ఒక్క చూపులో

| ఎంపిక | చేసే పని | ఎవరికి నప్పుతుంది | ఇబ్బంది | రాయవలసిన వేళ |
|---|---|---|---|---|
| క్రీమ్ (గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్నది) | తేమను పట్టి ఉంచుతుంది, పై పొరను బాగుచేస్తుంది | దాదాపు అందరికీ, ముఖ్యంగా చాలా రోజుల ఉపవాసాలకు | చిక్కటి రకాలు ఉక్కలో భారంగా ఉంటాయి | తెల్లవారుజామున, రాత్రి |
| పెట్రోలియం జెల్లీ | నీరు ఆవిరి కాకుండా అడ్డుకుంటుంది | పెదవులు, మడమలు, పగిలిన చేతులు | జిడ్డు. వజూకు ముందు తుడవాలి | పడుకునే ముందు |
| నూనె | చర్మాన్ని మెత్తబరుస్తుంది, కొంతవరకు మూస్తుంది | పొడి ఒంటికి | ముఖాన మొటిమలు. కొన్ని నూనెలు హాని చేస్తాయి. వ్రత నియమం | స్నానం తర్వాత, తడి ఒంటి మీద |
| జెల్, సీరమ్ | నీటిని పట్టుకుంటుంది, మూయలేదు | జిడ్డు చర్మం, ఉక్కపోత వాతావరణం | పొడి గాలిలో ఒంటరిగా చాలదు | క్రీమ్ కింద |
| ఏమీ రాయకపోవడం | – | ఒక్క రోజు ఉపవాసం, ఆరోగ్యకరమైన చర్మం | ఎగ్జిమా ఉన్నవారికి తగదు | ముందు రోజు రాత్రి సిద్ధపడాలి |

క్రీమ్

మంచి క్రీమ్‌లో మూడు రకాల పదార్థాలు కలిసి ఉంటాయి: నీటిని పట్టుకునేవి (గ్లిజరిన్, యూరియా), కణాల మధ్య సందులను పూడ్చేవి (సెరమైడ్లు, కొవ్వు ఆమ్లాలు), పైన మూతలా నిలిచేవి (పెట్రోలాటం అంటే పెట్రోలియం జెల్లీ, డైమెథికోన్ అనే సిలికోన్). మిగిలిన ఎంపికలన్నీ ఈ మూడింటిలో ఒకటో రెండో పనులే చేస్తాయి. పగలు మాటిమాటికీ రాసుకునే వీలు చాలామందికి ఉండదు కనుక, తెల్లవారుజామున ఒక్కసారి రాస్తే ఎక్కువ గంటలు నిలిచేదే ఉపవాసికి కావాలి. నేను క్రీమ్‌ను మొదటి స్థానంలో పెట్టడానికి కారణం ఇదే.

లోషన్‌కూ క్రీమ్‌కూ ఉన్న తేడా ప్రధానంగా నీటి శాతంలో ఉంటుంది. పంపు నొక్కితే జారిపోయేంత పలుచగా ఉన్నది లోషన్. డబ్బాలోనో ట్యూబులోనో ఉండి వేలి మీద గుట్టగా నిలబడేది క్రీమ్. పొడి చర్మానికి రెండోదే తీసుకోండి. సువాసన కలిపినది మానేయండి. పొర దెబ్బతిన్న చర్మం మీద పరిమళ ద్రవ్యాలు దురద, మంట పుట్టించే అవకాశం ఎక్కువ. యూరియా ఉన్నది తీసుకుంటే చేతులకు 5 నుంచి 10 శాతం సరిపోతుంది. 20 శాతం దాటినవి మందమైన మడమల చర్మాన్ని కరిగించడానికి ఉద్దేశించినవి, వాటిని ముఖానికి రాయకూడదు. పగుళ్లలో రక్తం కనిపిస్తున్నప్పుడు యూరియా భగ్గుమని మండుతుంది.

రాసే తీరు మీద ఫలితం చాలా ఆధారపడి ఉంటుంది. ముఖం కడుక్కుని, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే, అంటే రెండు మూడు నిమిషాల లోపు రాయాలి. చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండిన క్రీమ్ సుమారు అర గ్రాము ఉంటుంది. పెద్దవారి రెండు అరచేతులంత మేర చర్మానికి అది సరిపోతుంది. ముఖానికీ మెడకూ కలిపి అలాంటివి రెండున్నర కావాలి. చాలామంది రాసేది అందులో సగం కూడా ఉండదు, ఆపైన క్రీమ్ పనిచేయలేదని మరో సీసా కొంటారు.

పెట్రోలియం జెల్లీ

చర్మం నుంచి నీరు ఆవిరి కావడాన్ని 98 శాతం దాకా అడ్డుకోగల పదార్థం ఇది. ఆ పనిలో దీనికి సాటి వచ్చేది మరొకటి లేదు. ఖనిజ తైలం నుంచి వస్తుంది కనుక జంతు పదార్థాల సందేహం ఉండదు, వాసనా రుచీ ఉండవు, ధర విషయంలోనూ మిగిలినవాటి కన్నా తేలిక. పెదవులకు నేను దీనికి మించినది సూచించలేను. మెంథాల్, కర్పూరం, దాల్చినచెక్క సారం కలిపిన లిప్ బామ్‌లు చల్లగా హాయిగా అనిపిస్తాయి గానీ, పెదవులను మరింత రేపుతాయి, పైగా రుచి నాలుకకు తగులుతుంది. ఉపవాసి పెదవి మీద రుచి ఉన్నది పెట్టడం అంటే మాటిమాటికీ నాకుకోమని చెప్పడమే. నాకుకున్న కొద్దీ లాలాజలం ఆరిపోతూ పెదవుల చుట్టూ ఎర్రటి వలయం కడుతుంది.

అయితే పెట్రోలియం జెల్లీ తనంతట తాను తేమను ఇవ్వదు, ఉన్నదాన్ని కాపాడుతుంది అంతే. ఎండిపోయిన చర్మం మీద నేరుగా పూస్తే ఎండిన చర్మం మీద జిడ్డు మిగులుతుంది. పెదవులను తడిపి అద్దిన తర్వాత, లేదా మడమలకు క్రీమ్ పట్టించిన తర్వాత, పైన పలుచగా రాసి నూలు మేజోళ్లు తొడుక్కుంటే తెల్లవారేసరికి తేడా తెలుస్తుంది. ముఖమంతా పూయడం పొడి చర్మం ఉన్నవారికి చలికాలపు రాత్రుల్లో బాగానే ఉంటుంది. జెల్లీ స్వతహాగా రంధ్రాలను మూసేది కాకపోయినా, మొటిమల ముఖం మీద కింద ఉన్న జిడ్డునూ చెమటనూ అక్కడే ఉంచేస్తుంది కనుక ఆ చర్మం ఉన్నవారు పెదవుల దగ్గరే ఆగడం మంచిది.

నూనె

నూనెలన్నీ ఒకటి కావు. లినోలెయిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న పొద్దుతిరుగుడు నూనె చర్మపు పొరను కాపాడుతుంది. ఓలెయిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న ఆలివ్ నూనె ఆ పొరను బలహీనపరుస్తుందని పరీక్షల్లో తేలింది. ఆలివ్ నూనెకు ఉన్న మంచి పేరు వంటింటి వరకే నిజమని నా ఉద్దేశం. కొబ్బరి నూనె ఒంటి పొడితనానికి పనికొస్తుంది, కానీ జిడ్డు ముఖానికి రాస్తే తెల్లతలల మొటిమలు లేవవచ్చు. ఆవనూనె చర్మాన్ని రేపుతుంది.

నూనె నీటిని పట్టుకోలేదు కనుక దాన్ని తడి ఒంటి మీద రాయాలి. ఇంట్లో వేరే ఏదీ లేనప్పుడు, చేతులకూ కాళ్లకూ, రాత్రిపూట నూనె మంచి ఎంపికే. వ్రత దినాన నూనె కూడదన్నవారికి ఈ దారి ఎలాగూ మూసుకుపోయింది. వారు ముందు రోజు సాయంత్రమే రాసుకోవాలి.

జెల్, సీరమ్

హయలురానిక్ ఆమ్లం ఉన్న సీరమ్‌లు ఉపవాస కాలంలో బాగా అమ్ముడుపోతాయి, ఎందుకంటే నీళ్లు తాగలేని చర్మానికి నీళ్లు తాగించినట్టు వాటిని వర్ణిస్తారు. రాసిన వెంటనే చర్మం నిగనిగలాడటమూ నిజమే. కానీ పట్టుకున్న నీటిని నిలబెట్టే మూత వాటిలో ఉండదు. ఏసీ గదిలోనో పొడి ఎండలోనో ఆ నీరు ఆవిరైపోయి, రెండు గంటలకు చర్మం ముందున్న దానికన్నా బిగుతుగా అనిపిస్తుంది. ముఖం మీద నీళ్లు చిమ్ముకునే స్ప్రేలదీ, కాగితపు మాస్కులదీ ఇదే కథ.

జిడ్డు చర్మం ఉండి, గాలిలో తేమ బాగా ఉన్న చోట నివసించేవారికి మాత్రం జెల్ మాయిశ్చరైజర్ ఒక్కటే చాలవచ్చు. మిగిలినవారు సీరమ్ కొనదలిస్తే దాని మీద క్రీమ్ తప్పనిసరి. అప్పుడు సీరమ్ అదనంగా ఏం చేసిందన్నది ఆలోచించుకోవలసిన ప్రశ్న, ఎందుకంటే క్రీమ్‌లోని గ్లిజరిన్ ఆ పని చేస్తూనే ఉంటుంది.

ఏమీ రాయకపోవడం

దీన్ని కూడా ఒక ఎంపికగా లెక్కించాలి. నియమం ఒప్పుకోని రోజున మనసులో సంకోచంతో క్రీమ్ రాసుకోవడం కన్నా, ముందు రాత్రి సిద్ధపడి ఆ రోజు వదిలేయడమే నయం. ఆరోగ్యంగా ఉన్న చర్మం ఒక్క రోజులో పాడవదు. ముందు రాత్రి గోరువెచ్చని నీటితో స్నానం చేసి క్రీమ్, పెదవులకూ మడమలకూ దాని మీద పెట్రోలియం జెల్లీ పట్టించండి. ఉపవాసం రోజున వేడి నీళ్లకూ సబ్బుకూ ఎండకూ దూరంగా ఉండండి. 24, 25 గంటల ఉపవాసానికి ఇంతకు మించి అవసరం లేదు.

ఎవరు దేనివైపు మొగ్గాలి

మొటిమల చర్మం ఉన్నవారు పలుచటి, రంధ్రాలను మూయని రకం క్రీమ్ గానీ జెల్ గానీ ఎంచుకోవాలి. ఉపవాసాల్లో మొటిమలు పెరిగాయంటే క్రీమ్‌ను తిట్టే ముందు రాత్రి భోజనాన్ని చూడండి: రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచే తీపి పానీయాలూ మిఠాయిలూ మొటిమలను ఎక్కువ చేస్తాయనడానికి ఆధారాలు ఉన్నాయి.

ఎగ్జిమా ఉన్నవారికి ఏమీ రాయకపోవడం అన్న ఎంపిక లేదు. వారు ఉపవాసం మొదలుకు రెండు వారాల ముందు నుంచే క్రమం తప్పకుండా క్రీమ్ రాసి చర్మాన్ని నిలకడగా ఉంచుకోవాలి, డాక్టర్ ఇచ్చిన లేపనాలు ఆపకూడదు. చాలాసార్లు వజూ చేసేవారికి వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర ఎగ్జిమా తిరగబెట్టడం మామూలే. ఆ చోట్లను ప్రతిసారీ అద్ది ఆరబెట్టి, బఠాణీ గింజంత క్రీమ్‌ను రెండు చేతుల మీదా వేళ్ల సందుల్లోకి పోయేలా రుద్దుకోవడం ఒక్క నిమిషం పని. మొదట చేతుల వెనక వైపు, తర్వాత వేళ్ల కణుపులు, ఆఖరున అరచేతులు అన్న క్రమం పెట్టుకుంటే క్రీమంతా అరచేతులకే అంటుకుపోదు.

అరవై దాటినవారిలో చర్మపు నూనె గ్రంథులు మందగిస్తాయి, దాహం కూడా సరిగా తెలియదు. వీరికి చిక్కటి క్రీమ్ రోజుకు రెండుసార్లు కావాలి. ఒంటికంతా సబ్బు పెట్టడం మాని చంకలకూ గజ్జలకూ పాదాలకూ పరిమితం చేస్తే చాలా మార్పు కనిపిస్తుంది. మధుమేహం ఉన్నవారు ఉపవాసం చేయవచ్చా అన్నది ముందు డాక్టర్ తేల్చాలి. చేస్తే గనక, రోజూ పాదాలు చూసుకుని మడమలకు క్రీమ్ రాయాలి, వేళ్ల సందుల్లో మాత్రం రాయకూడదు, అక్కడ తడి నిలిస్తే ఫంగస్ పట్టుకుంటుంది.

ఎండలో పనిచేసేవారికి మాయిశ్చరైజర్ క్రీమ్ కన్నా సన్‌స్క్రీన్ ముఖ్యం. ఎండ నుంచి కాపాడే శక్తిని సూచించే ఎస్‌పీఎఫ్ అంకె 30 ఉన్నది చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలలో సుమారు 97 శాతాన్ని, 50 ఉన్నది సుమారు 98 శాతాన్ని ఆపుతుంది. కాబట్టి పెద్ద అంకె కోసం తాపత్రయపడటం కన్నా సరిపడినంత రాయడం, బయట ఉన్నంతసేపు రెండు గంటలకోసారి మళ్లీ రాయడం ముఖ్యం. మాయిశ్చరైజర్ గుణం ఉన్న సన్‌స్క్రీన్ తీసుకుంటే జిడ్డు చర్మం ఉన్నవారికి పగటిపూట అదొక్కటే సరిపోతుంది. నీటిని తట్టుకునే రకాలు పొరలా నిలుస్తాయి కనుక వజూ చేసేవారు కడిగితే పోయే రకం వైపు మొగ్గడం సౌకర్యం.

కడిగేది ఏమిటి

ఇక్కడ తర్జనభర్జన అవసరం లేదు. చర్మం సహజంగా కొంచెం ఆమ్ల గుణంతో, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది; మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. ఉపవాస రోజుల్లో ఉదయం ముఖానికి నీళ్లు చాలు, రాత్రి నురగ తక్కువగా వచ్చే ఫేస్‌వాష్ ఒక్కసారి వాడండి. కడిగాక ముఖం కరకరలాడేంత శుభ్రంగా అనిపించిందంటే అవసరమైన కొవ్వులు కూడా పోయాయని అర్థం. స్క్రబ్‌లు ఆపేయండి.

ఇప్పటికే వాడుతున్న మందులు: కొనసాగించాలా, ఆపాలా

మొటిమలకూ మచ్చలకూ వాడే రెటినాయిడ్ (విటమిన్ ఎ రకపు) క్రీములు రాసేవారికి ఇది నిజమైన సందిగ్ధం. మొదలుపెట్టిన తొలి వారాల్లో ఇవి చర్మాన్ని ఎండబెట్టి పొట్టు రేపుతాయి. మూడు నాలుగు నెలలుగా ఇబ్బంది లేకుండా వాడుతున్నవారు ఆపనక్కర లేదు. రోజూ రాసేవారు రాత్రి విడిచి రాత్రి రాస్తే, అదీ క్రీమ్ రాశాక దాని మీద రాస్తే, లాభం పెద్దగా తగ్గకుండానే పొడితనం అదుపులో ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టాలనుకున్నవారు ఉపవాసాలు ముగిసేదాకా ఆగాలి. గ్లైకోలిక్, సాలిసిలిక్ వంటి ఆమ్లాలకూ ఇదే సూత్రం. పీలింగ్, లేజర్ వంటివాటిని ఉపవాసాల ముందు వారంలో పెట్టుకోకండి. గర్భిణులు రెటినాయిడ్లను ఉపవాసం ఉన్నా లేకున్నా వాడకూడదు.

మాత్రల విషయంలో వేళ మార్చుకోవడంలోనే ఉంది కీలకం. మొటిమలకు ఇచ్చే డాక్సీసైక్లిన్‌ను గ్లాసు నిండా నీళ్లతో మింగి, కనీసం అరగంట పడుకోకుండా ఉండాలి. మాత్ర గొంతు కింద ఆహారనాళంలో చిక్కుకుంటే అక్కడ పుండు పడుతుంది. సహరీలో, అంటే తెల్లవారుజాము భోజనంలో, రెండు గుక్కల నీళ్లతో దాన్ని వేసుకుని మళ్లీ నిద్రపోయేవారికి ఈ ప్రమాదం ఎక్కువ కనుక, ఆ మాత్రను సాయంత్రం భోజనం దగ్గరికి మార్చాలి. అది చర్మాన్ని ఎండకు తట్టుకోలేకుండా చేస్తుంది కూడా. తీవ్రమైన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ కొవ్వు ఉన్న భోజనంతో వేసుకుంటేనే ఒంటికి బాగా పడుతుంది. ఖాళీ కడుపుతో వేస్తే సగం వృథా అవుతుంది కనుక దానికీ సాయంత్రమే సరైన వేళ. ఈ మందు వాడేవారి పెదవులు ఉపవాసం లేకపోయినా పగులుతాయి, అందుచేత వారికి పెట్రోలియం జెల్లీ జేబులో ఉండవలసిందే. సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ వాడేవారి పరిస్థితి వేరు: ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు శరీరంలో పేరుకుని విషమించగలదు, కాబట్టి నీరు లేని ఉపవాసం గురించి డాక్టర్‌తో ముందుగా మాట్లాడాలి.

ఆ మాట్లాడటం ఉపవాసాలకు నాలుగు వారాల ముందు జరిగితే ఉపయోగం. మీరు తినే, తాగే గంటలను కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. రోజుకు రెండు మూడుసార్లు వేసుకునే మందుల్లో చాలావాటికి రోజుకు ఒక్కసారి సరిపోయే ప్రత్యామ్నాయం ఉంటుంది, దాన్ని మార్చి అలవాటు పడటానికి ఆ సమయం చాలు.